మీసాలున్న అమ్మ: కొడుకు చదువు కోసం ప్లీడరీ వదిలేసిన గిజుభాయ్

మూడేళ్ల పిల్ల ఇంకా 'అ' రాయడం లేదని తల్లిదండ్రులు ట్యూషన్ వెతుకుతున్న రోజులివి. ఈ తొందర కొత్తదేమీ కాదు. వందేళ్ల కిందటే గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో ఒక మాజీ ప్లీడరు దీన్ని ఎదిరించి నిలబడ్డారు. ఆయన పేరు గిజుభాయ్ బధేకా. పిల్లలు, వాళ్ల పెద్దలు ఆయన్ని 'మూఛాళీ మా' అని పిలుచుకునేవారు. అంటే మీసాలున్న అమ్మ.

అసలు పేరు గిరిజాశంకర్. 1885 నవంబర్ 15న సౌరాష్ట్రలోని చితల్‌లో పుట్టారు. 1907లో బతుకుతెరువు కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లారు. తిరిగొచ్చి బొంబాయిలో లా చదివి, వఢ్వాణ్ క్యాంపులో ప్రాక్టీసు పెట్టారు. ఆ ఊరే ఇప్పటి సురేంద్రనగర్. అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు ఆయన గురించి రాసే పని ఉండేది కాదు.

1913లో కొడుకు నరేంద్ర పుట్టాడు. వీడికి ఎలాంటి చదువు చెప్పించాలి అన్న ప్రశ్న ఆ తండ్రిని వదల్లేదు. తాను చదివింది బెత్తం బడి, బట్టీ చదువు. కొడుకును అలాంటి చోటికి పంపడానికి మనసొప్పలేదు. బరోడా సంస్థానంలో గ్రంథాలయ ఉద్యమం నడిపిన మోతీభాయ్ అమీన్‌ను వసో అనే ఊళ్లో కలిశారు. ఇటలీ డాక్టర్ మరియా మాంటిస్సోరి పద్ధతి గురించిన పుస్తకం అక్కడే చేతికందింది. చదివి ఊరుకునే మనిషి కాదాయన. ఇంటి దగ్గర కొడుకుతో మొదలైన ఆలోచన 1916 నాటికి ఆయన్ని ప్లీడరీకి దూరం చేసింది. నానాభాయ్ భట్ నడుపుతున్న భావ్‌నగర్ దక్షిణామూర్తి సంస్థలో చేరారు.

పెద్ద పిల్లలకు పాఠాలు చెబుతుండగా ఆయనకు ఒకటి అర్థమైంది. తన దగ్గరికి వచ్చేసరికే వాళ్లు చదువంటే భయపడటం నేర్చుకుని ఉన్నారు. మరమ్మతు కన్నా పునాది ముఖ్యమనుకుని 1920లో బడి ఈడు రాని పిల్లల కోసం బాల మందిర్ తెరిచారు. రెండేళ్లకు తఖ్తేశ్వర్ గుట్ట దగ్గర దానికి సొంత భవనం లేచింది. దాన్ని కస్తూర్బా గాంధీ ప్రారంభించారు.

అక్కడ అక్షరాలు నేర్పిన తీరు మన ఇళ్లలో జరిగేదానికి తలకిందులుగా ఉంటుంది. మనం ముందు వర్ణమాల అప్పజెప్పిస్తాం, ఆనక పలక మీద దిద్దిస్తాం. మాంటిస్సోరి పద్ధతిలో పిల్లల చేతికి ముందు పెన్సిలు ఇవ్వరు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం మీద వేళ్లు ఆనించి, దాని ధ్వని పలుకుతూ రాసే దారిలోనే వేళ్లు కదిలిస్తారు. కన్ను, చెవి, చేయి ఒకేసారి పనిచేస్తాయి. పక్కనే లోహపు చట్రాల అంచుల వెంట గీతలు గీస్తూ, లోపల నింపుతూ వేళ్లకు పట్టు తెచ్చుకుంటారు. విడి అక్షరాలను పేర్చి మాటలు కూర్చుతారు. ఈ మూడూ కలిసిన రోజున పిల్లవాడు తనంతట తానే రాయడం మొదలుపెడతాడు. చదవడం ఆ తర్వాత వస్తుంది. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి రాయించే మనకు ఇదేమంత వింత కాకూడదు. కాకపోతే మనం ఆ ఒక్క రోజుతో సరిపెట్టి, మర్నాటి నుంచి కాపీ పుస్తకం చేతిలో పెడతాం.

మాంటిస్సోరిని గిజుభాయ్ యథాతథంగా దించుకోలేదు. ఆయన సొంతంగా చేర్చిన పెద్ద వస్తువు కథ. గుజరాతీ జానపద కథలను సేకరించి, పిల్లల నోటికి అందేలా తిరగరాసి, 'బాల వార్తావో' పేరుతో సంపుటాలుగా వేశారు. అందులో రాజుగారు ఎన్ని శిక్షలు వేసినా ప్రతిసారీ పాడుకుంటూ ఉండే సంతోషపు కాకి కథ గుజరాతీ ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ కథల్లో ఒకే వరుస పదేపదే తిరిగొస్తుంది. పదిసార్లు విన్న పిల్లకు ఆ వరుస కంఠతా వస్తుంది. అచ్చులో అదే వరుస కనిపించినప్పుడు ఏ మాట ఎక్కడుందో పోల్చుకోవడం సులువవుతుంది. చదువురాని అమ్మమ్మ కూడా చేయగల సాయం ఇది. నా దృష్టిలో ఆయన అసలు బలం ఇక్కడే ఉంది. మాంటిస్సోరి పరికరాలు కొనలేని ఇంట్లో కూడా కథకు కరువుండదు.

1930ల తొలినాళ్లలో రాసిన 'దివాస్వప్న' ఆయన్ని గుజరాత్ దాటించింది. తెలుగులో 'పగటికల'గా వచ్చిన పుస్తకం అదే. నాలుగో తరగతిని ఒక ఏడాది తన పద్ధతిలో నడుపుతానని అనుమతి తెచ్చుకున్న టీచరు కథ అది. మొదటి రోజు ఆ టీచరు పిల్లలతో మౌనం ఆట ఆడించబోయి ఘోరంగా విఫలమవుతాడు. క్లాసంతా గోల. చేసేది లేక సెలవిచ్చేస్తాడు. మర్నాడు కథ మొదలుపెడితే గానీ పిల్లలు కుదురుకోరు. పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బును కలిపి క్లాసుకొక కథల పుస్తకాల అల్మారా పెట్టుకోవాలన్న ఆలోచనా అందులోనిదే. ఇప్పటి స్కూలు బుక్ లిస్టులు చూసిన తండ్రికెవరికైనా ఆ లెక్క ఆసక్తిగానే ఉంటుంది.

తల్లిదండ్రుల కోసం ఆయన విడిగా ఎంతో రాశారు. 'మా-బాప్ థవు ఆకరు ఛే' అన్న పుస్తకం పేరుకే తల్లిదండ్రులు కావడం కష్టం అని అర్థం. కొట్టవద్దు, బహుమతులు ఎర చూపవద్దు, పక్కింటి పిల్లతో పోల్చవద్దు, వాడు చేయగల పనిని మీరు చేసిపెట్టవద్దు అన్నవి ఆయన పదేపదే చెప్పిన సంగతులు. బహుమతి కూడా వద్దనడం చాలామందికి మింగుడుపడలేదు. ఇప్పటికీ పడదు.

అయితే భావ్‌నగర్ బాల మందిర్‌కు పిల్లలను పంపగలిగింది ఎక్కువగా పట్నపు మధ్యతరగతే. ఆ గీత దాటించింది ఆయన సహచరి తారాబాయి మోడక్. 1926లో ఇద్దరూ కలిసి నూతన్ బాల శిక్షణ్ సంఘ్ పెట్టారు. గిజుభాయ్ పోయాక ఆమె మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, తర్వాత కోస్‌బాడ్‌లో ఆదివాసీ పిల్లల వాకిళ్లకే బడిని తీసుకెళ్లారు. గులకరాళ్లు, ఆకులు, గింజలే అక్కడ బోధన పరికరాలయ్యాయి. అంగన్‌వాడీ అన్న ఆలోచనకు మూలం ఆ వాకిళ్లలోనే ఉంది.

గిజుభాయ్ 1936లో దక్షిణామూర్తిని వీడారు. తర్వాత రాజ్‌కోట్‌లో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలుపెట్టారు. అది నిలదొక్కుకోక ముందే ఆరోగ్యం దెబ్బతింది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. అదే ఏడాది చివర్లో మరియా మాంటిస్సోరి తొలిసారి భారతదేశంలో అడుగుపెట్టి, మద్రాసు అడయార్‌లో టీచర్లకు శిక్షణ తరగతులు ప్రారంభించారు.