కార్మికుల రాష్ట్రపతి వి.వి. గిరి గారు

హోసూరులోని మన సంఘస్థులలో అనేకులు ఫ్యాక్టరీ పనిని నమ్ముకొని వచ్చినవారే. 1970లలో సిప్కాట్ ఏర్పడి, ఆ తరువాత అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., టైటాన్ కంపెనీలు వచ్చినప్పటినుండి పర్మనెంటు, కాంట్రాక్టు అనే మాటలు మన ఇండ్లలో పిల్లలకు సైతం తెలుసు. పనిచేయువాడు యజమాని ఎదుట కూర్చుండి తన మాట చెప్పుకొనవచ్చునని ఈ దేశములో జీవితమంతా వాదించిన ఒక తెలుగువారిని గూర్చి ఈ సంచికలో వ్రాస్తున్నాము. ఆయన క్రైస్తవుడు కాడు. అయినను కూలివాని కూలి బిగబట్టరాదని లేఖనములలో చదువుకొను మనకు ఆయన జీవితము పరాయిది కాదు.

వరాహగిరి వెంకటగిరి గారు 1894 ఆగస్టు 10న, ఆనాడు మద్రాసు రాష్ట్రములో ఉన్న బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు గారు పేరుపొందిన వకీలు. కుమారుడు కూడా వకీలు కావలెనని 1913లో ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు పంపారు. ఆ సంవత్సరమే అక్కడి యజమానులు యూనియన్‌లో చేరినవారిని పనికి రానివ్వక నెలల తరబడి గేట్లు మూసివేశారు. బీదల ఇండ్లలో పొయ్యి వెలుగని ఆ రోజులు ఈ బ్రాహ్మణ యువకుని మనసులో నాటుకున్నాయి. 1916 తిరుగుబాటు తరువాత ఐరిష్ ఉద్యమకారులతో సంబంధము ఉన్నదన్న అనుమానముతో ప్రభుత్వము ఆయనను దేశము విడిచి పొమ్మన్నది.

తిరిగి వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు గాని ఆయన పేరు నిలిచినది బెంగాల్ నాగపూర్ రైల్వేలో. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో వేలమంది పనిచేసేవారు. విశాఖ, గంజాం ప్రాంతముల నుండి పొట్ట చేతపట్టుకొని పోయిన తెలుగువారు వారిలో ఎక్కువ. మనవలె వలస వచ్చినవారే. రైల్వేలో పెద్ద ఉద్యోగములు యూరోపియన్లకు, ఆ తరువాతివి ఆంగ్లో ఇండియన్లకు. క్రింది పని, తక్కువ జీతము మిగిలినవారికి. ఒకే రకపు పనికి మనిషి రంగును బట్టి జీతము మారేది. గిరి గారు 1920లలో ఈ కార్మికులను యూనియన్‌గా కూర్చారు. 1927లో వర్క్‌షాపులో పెద్ద ఎత్తున మనుషులను తీసివేసినప్పుడు పోరాటము ముదిరింది. ఒక్క రాయి విసరరాదన్నది ఆయన పెట్టిన నియమము. చివరకు కంపెనీ దిగివచ్చి మాట్లాడవలసి వచ్చింది. ఆ 1927లోనే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశమునకు ఆయన భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో లండన్‌లోని రెండవ రౌండ్ టేబుల్ సమావేశములోను కార్మికుల పక్షాన కూర్చున్నారు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజా గారినే ఓడించారు. అప్పుడు మద్రాసు ప్రధానిగా వచ్చినవారు మన హోసూరు ప్రక్కనే ఉన్న తొరపల్లిలో పుట్టిన రాజాజీ గారు. వారి మంత్రివర్గములో కార్మిక, పరిశ్రమల శాఖలు గిరి గారికి దక్కాయి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952లో నెహ్రూ గారి ప్రభుత్వములో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు.

ఆయన పట్టుదల ఒకటి ఇక్కడ చెప్పాలి. తగాదా వచ్చిన ప్రతిసారి ట్రిబ్యునల్‌కు పోతే వకీళ్ళకు పని, కార్మికునికి సంవత్సరాల ఎదురుచూపు, ఇరుపక్షాలకు పగ మిగులుతాయని ఆయన నమ్మకము. ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనుడి, కుదరకపోతే ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తిని పెట్టుకొనుడి అనేవారు. దీనికి గిరి పద్ధతి అనే పేరు వచ్చింది. యజమానులే కాదు, బలము లేని యూనియన్ల నాయకులు కూడ దీనిని ఒప్పుకోలేదు. వారి భయము న్యాయమైనదే అని మాకు తోస్తుంది. ఇరవై మంది ఉన్న షెడ్డులో ఎదురెదురుగా కూర్చొనే ధైర్యము ఎవరికి ఉంటుంది? 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వము తగ్గించింది. ట్రిబ్యునళ్ళను ఇష్టపడని గిరి గారే, ఇచ్చిన మాట తప్పరాదని మంత్రిపదవికి రాజీనామా చేశారు. ఆ తరువాత గజేంద్రగడ్కర్ కమిషన్ సిఫార్సులపై 1955లో చట్టము వచ్చింది.

ఆయన జీవితములో మన సంఘముల వారు ఆలోచింపదగిన ఘట్టము మరొకటి ఉన్నది. 1957లో పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గములో ఒక స్థానము గిరిజనులకు రిజర్వు, మరొకటి జనరల్. ఇద్దరు గిరిజన అభ్యర్థులకే ఎక్కువ ఓట్లు వచ్చి రెండు స్థానములు వారికే దక్కాయి. రిజర్వు స్థానమునకు నిలిచిన సూరి దొర గారికి జనరల్ స్థానము చెల్లదని గిరి గారు కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలును త్రోసివేసింది. జనరల్ స్థానము ఒక కులమువారి సొత్తు కాదని, ఎక్కువ ఓట్లు వచ్చిన ఎవరికైనా అది దక్కునని తేలింది. పనిచోట సమానత్వము కోరిన మనిషి ఈ వ్యాజ్యములో ఓడిపోవడమే మేలైనది. ఇది చెప్పక ఆయన కథ చెప్పుట సరికాదు.

తరువాత ఉత్తర ప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగా ఉన్నారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా నిలిచి, రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కించిన తరువాత గాని తేలని ఎన్నికలో రాష్ట్రపతిగా గెలిచారు. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టము, 1972 నాటి గ్రాట్యుటీ చట్టము ఆయన సంతకముతోనే అమలుకు వచ్చాయి. సంతకము లాంఛనమే గాని, ఖరగ్‌పూర్ కార్మికుల నాయకుని చేతితో పడినది. ఐదేండ్లు పనిచేసినవానికి ఏడాదికి పదిహేను రోజుల జీతము చొప్పున ఇమ్మన్నది ఆ రెండవ చట్టమే.

1975లో భారతరత్న బిరుదు పొంది, 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.