ఆచార్య పాల్ లాంజెవిన్

కొందఱు శాస్త్రజ్ఞులు తాము నాటిన విత్తునకు ఫలమును కనులార చూడకయే వెడలిపోవుదురు. 1905లో ఒక ఫ్రెంచి ఆచార్యుడు వ్రాసిన చిన్న సూత్రము అర్ధశతాబ్దమునకు పైగా చాలవఱకు మఱుగున పడియుండి, ఆతడు మరణించిన పండ్రెండేండ్లకు వెలుగులోనికి వచ్చెను. నేడది నక్షత్రముల నడుమ నుండు మేఘముల రసాయనమునకు కొలబద్ద. ఆ ఆచార్యుడే పాల్ లాంజెవిన్.

ఆయన 1872 జనవరి 23వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఆ నగరమందలి భౌతిక రసాయన పాఠశాలలో చదువుచుండగా ప్రయోగశాలలో ఆయనకు గురువైనవాడు పియరీ క్యూరీ. పిదప 1897లో కేంబ్రిడ్జికి పోయి, కావెండిష్ ప్రయోగశాలలో జె. జె. థామ్సన్ చెంత ఒక యేడు పనిచేసెను. థామ్సన్ ఎలక్ట్రాను ఉనికిని లోకమునకు చాటినది ఆ యేడే. రూథర్‌ఫర్డుతో మైత్రి కలిగినదియు అచ్చటనే. ఎక్స్‌కిరణములు సోకిన వాయువునందు పుట్టు అయానులు ఎట్లు సంచరించునన్నది అప్పటినుండి లాంజెవిన్‌కు ప్రధాన విచారమయ్యెను. 1902లో డాక్టరు పట్టమునకై సమర్పించిన గ్రంథమునకు విషయమదియే.

అయానునకు విద్యుదావేశము కలదు. సాధారణమైన అణువునకు లేదు. అయినను అయాను దాపునకు వచ్చినంతనే అణువులోని ధన ఋణ విద్యుత్తులు ఇంచుక ఎడబడును. అందుచే అణువు అయాను వైపునకు లాగబడును. దూరము రెట్టింపైనచో ఈ ఆకర్షణ ముప్పదిరెండవ వంతునకు పడిపోవును. కనుక ఒక హద్దు ఏర్పడును. హద్దులోపలికి వచ్చిన అణువు అయానును చేరితీరును. వెలుపలిది దారి కొంచెము వంచుకొని తొలగిపోవును.

నెమ్మదిగ పోవు అయాను దూరమందున్న అణువును సైతము చిక్కించుకొనును. వడిగా పోవునది దగ్గఱనున్నదానినే పట్టగలదు. కాని వడిగా పోవునది అదే కాలములో ఎక్కువ అణువుల చెంతకు చేరును. ఈ లాభనష్టములు రెండును సరిగా తూగును. అందుచేత అయాను అణువును పట్టుకొను వేగము ఉష్ణోగ్రతను బట్టి మాఱదు. ఒక ఘన సెంటీమీటరులో నూఱుకోట్ల అణువులున్నచో, అయాను ఇంచుమించుగ సెకనునకు ఒకమాఱు ఒక అణువును పట్టునని ఆ లెక్క తెలుపును. విద్యుద్బలముచే అయానులు వాయువులో ఎంత వడిగా సాగునో తెలియుటకే లాంజెవిన్ ఈ శ్రమపడెను. రసాయనము ఆయన తలపులో లేదు.

ఆ వెనుక ఆయన బుద్ధి పలుదిక్కుల ప్రసరించెను. అయస్కాంతతత్త్వమును వివరించెను, ఐన్‌స్టైన్ సాపేక్షసిద్ధాంతమును ఫ్రాన్సున వ్యాపింపజేసెను. మొదటి ప్రపంచయుద్ధమున, గురువగు క్యూరీ అన్నతో కూడి 1880లో కనుగొన్న స్ఫటికధర్మమును ఆధారముగ గొని, నీటిలో వినరాని ధ్వనితరంగములను పంపి జలాంతర్గాములను పసిగట్టు మార్గమును చూపెను.

శాస్త్రజ్ఞుడు లోకమునకు దూరముగ నుండవలెనని ఆయన తలపలేదు. 1934లో ఫాసిజమును ఎదిరించు మేధావుల సంఘమునకు అగ్రభాగమున నిలిచెను. 1940లో జర్మనులు పారిస్‌ను ఆక్రమించి, అక్టోబరు 30వ తేదీన ఆయనను బంధించి కారాగారమున నుంచిరి. అప్పటికాయన వయస్సు 68 ఏండ్లు. తరువాత ట్రాయ్ పట్టణమున నిర్బంధములో నుంచిరి. 1942లో అల్లుడు జాక్ సొలొమన్‌ను కాల్చి చంపిరి; ఆతడును భౌతికశాస్త్రజ్ఞుడే. కుమార్తె హెలెన్‌ను ఔష్విట్జ్ నిర్బంధశిబిరమునకు పంపిరి. ఆమె ప్రాణములతో తిరిగివచ్చెను. 1944లో లాంజెవిన్ తప్పించుకొని స్విట్జర్లాండు చేరెను. విముక్తమైన ఫ్రాన్సునకు మరలివచ్చి విద్యాసంస్కరణకు పూనుకొని, 1946 డిసెంబరు 19వ తేదీన కన్నుమూసెను.

1958లో జియోమౌసిస్, స్టీవెన్సన్ అను ఇరువురు ఆ పాత సూత్రమును అయానుల రసాయనచర్యలకు అన్వయించిరి. 1960 తరువాత అమెరికాలోని బోల్డర్ నగరమున ఫెర్గుసన్, ఆయన సహచరులు వడిగా పాఱు హీలియములో అయానులను వదలి, దారిలో వేఱొక వాయువును కలిపి, ఎన్ని అయానులు మిగిలెనో లెక్కించి చర్యావేగములను కొలిచిరి. మిక్కిలి చల్లనిచోట కొలుచుట కష్టము. వాయువు పాత్ర గోడలకు పేరుకొనిపోవును. 1980 తరువాత ఫ్రాన్సులో బెర్ట్రాండ్ రో బృందము వాయువును సన్నని నాళమునుండి వ్యాకోచింపజేసి, గోడలు లేని చల్లని ప్రవాహమున 8 కెల్విన్ వఱకు ఈ కొలతలు సాగించెను.

పెక్కుచర్యలకు లాంజెవిన్ లెక్క సరిపోయెను. అమోనియా, నీరు వంటి సహజ ధ్రువములు గల అణువుల విషయమున చలి హెచ్చినకొలది వేగము ఆ లెక్కను మించెను. నత్రజని అయాను, ఉదజని అణువుతో జరుపు చర్య లెక్కకు చాల దిగువన నిలిచెను. సూత్రము ఒప్పినచోట ఎంత ఉపకరించెనో, తప్పినచోటను అంతే ఉపకరించెను. దాని నుండి ఎడమైన ప్రతి కొలతయు ఒక కొత్త కారణమును వెదకించెను.

మూడు ఉదజని పరమాణువుల అయానును 1911లో థామ్సన్ కనుగొనెను. లాంజెవిన్ లెక్క చెప్పు వడితో పుట్టు ఆ అయాను 1996లో నక్షత్రమేఘములందు కానవచ్చెను. గురువు చూచిన పదార్థమునకు శిష్యుని సూత్రము ఆకసమున సాక్ష్యము పలికినట్లయ్యెను.

1948లో ఫ్రెంచి ప్రభుత్వము లాంజెవిన్ భౌతికకాయమును జాతీయ సమాధిమందిరమగు పాంథియాన్‌నకు తరలించెను. ఆయనతోపాటు ఆ గౌరవము పొందినవాడు ప్రియమిత్రుడు జాఁ పెఱాఁ.