వెండితెరపై వేదాంతి – చిత్తూరు నాగయ్య

చిత్తూరు మండలపు పడమటి భాగం కొండల నాడు. చల్లని గాలికి మదనపల్లె, పొట్టి ఆవులకు పుంగనూరు, తెలుగు తమిళ కన్నడ భాషల కూడలిగా కుప్పం ప్రసిద్ధి చెందాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు కడప నుండి మదనపల్లె, ఉత్తర ఆర్కాటు నుండి పుంగనూరు వచ్చి ఒకే గొడుగు క్రింద చేరాయి. 2022 నాటి పునర్విభజనలో మదనపల్లె ఆ జిల్లా నుండి విడివడింది. సరిహద్దులు మారినా, ఆ జిల్లా పేరును తన పేరుకు ముందు నిలుపుకొని దక్షిణదేశమంతటా వినిపించిన నటుని కీర్తి మాత్రం మారలేదు. ఆయనే చిత్తూరు వి. నాగయ్య.

నాగయ్య పుట్టినది చిత్తూరులో కాదు. 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లెలో ఆయన జన్మించారు. ఆయనకు పేరు తెచ్చినది మాత్రం చిత్తూరు. అక్కడి రామవిలాస సభ నాటకాలలో ఆయన స్త్రీ పాత్రలు కూడ ధరించి, గాత్రమాధుర్యంతో ప్రేక్షకులను ఆకట్టుకున్నారు. కొంతకాలం గుమాస్తాగా, కొంతకాలం పత్రికారచయితగా పనిచేశారు. గాంధీజీ ఉద్యమ ప్రభావం ఆయనపై గాఢంగా పడింది. నాటకరంగం ఆయనకు కంఠాన్ని, ఉద్యమం హృదయాన్ని తీర్చిదిద్దాయి. ఈ రెండింటి కలయికయే తరువాతి కాలంలో వెండితెరపై వెలుగొందినది.

1938లో హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన గృహలక్ష్మితో నాగయ్య చిత్రరంగ ప్రవేశం జరిగింది. ఆ చిత్రంలో సంస్కారవంతుడైన సోదరునిగా ఆయన పాడిన మద్యపాన నిషేధ గీతం ప్రజల నోట నిలిచింది. మరుసటి యేడు బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి మొదలైనవారు స్థాపించిన వాహినీ సంస్థ తమ తొలి చిత్రమైన వందేమాతరంలో ఆయనను కథానాయకుని గావించింది. చదువుకొని ఉద్యోగం లేని యువకుని వేదన ఆ కథకు మూలం. 1940లో వచ్చిన సుమంగళిలో కందుకూరి వీరేశలింగం ఆదర్శాలను తలపించే సంస్కర్తగా, 1941లో వచ్చిన దేవతలో ఇంటి పనిపిల్లకు అన్యాయం చేసి, పశ్చాత్తాపంతో దహించుకుపోయే విద్యావంతునిగా ఆయన కనిపించారు.

అంతవరకు తెలుగు తెర అధికంగా పురాణ కథల నిలయం. దేవతలు ప్రత్యక్షం కావడం, అస్త్రాలు ఢీకొనడం, రాగాలు తీసి పద్యాలు పాడడం ప్రేక్షకులకు అలవాటు. దేవతవంటి చిత్రాలలో వారు తమ ఇంటినే చూశారు. తప్పు చేసినవాడు రాక్షసుడు కాడు, చదువుకున్న మంచి కుటుంబీకుడే. చిత్రం ముగిసిన తరువాత ప్రేక్షకుడు నిందించవలసినది రావణుని కాదు, తనలోని బలహీనతనే. సినిమా జీవితదృష్టిని మార్చడమంటే ఇదే.

వాహినీవారి భక్త పోతన, కె.వి. రెడ్డికి దర్శకునిగా తొలి చిత్రం. 1942–43 నాటి ఈ చిత్రంలో నాగయ్య పోతన పాత్రను ధరించారు. భాగవతాన్ని రాజులకు అంకితమీయక, పొలం దున్నుకొని బ్రతకడానికే నిశ్చయించుకున్న కవి కథ అది. నాటకరంగస్థలిపై చివరి వరుసలోనివానికి వినిపించడానికి గొంతెత్తవలసి యుంటుంది. చలనచిత్రంలో కెమేరా నటుని ముఖానికి దగ్గరగా వస్తుంది, మైకు ఊపిరిని సైతం గ్రహిస్తుంది. ఈ తేడాను తెలుగునటులలో ముందుగా గ్రహించినవారిలో నాగయ్య ఒకరు. ఆయన మాట నెమ్మది, చూపు ఆర్ద్రం. తన పాటలను తానే పాడుకొనడంవల్ల పాత్రకు, గానానికి నడుమ ఎడం లేకుండపోయింది. పోతన భక్తిని చూపడానికి మహిమలు అక్కరలేదు, ఆ కంఠమే చాలింది. నాటి విమర్శకులు ఆయనను భారతదేశపు పాల్ మునిగా కీర్తించారు. పాశ్చర్, జోలా వంటి మహనీయుల జీవితాలను తెరపై సజీవం చేసిన అమెరికా నటుడు పాల్ ముని. అంతకు ముందే 1936లో మహారాష్ట్రంలో ప్రభాత్ సంస్థ నిర్మించిన సంత్ తుకారాం వెనిస్ చిత్రోత్సవంలో గుర్తింపు పొంది, సాధుజీవితం సినిమాకు తగిన వస్తువని లోకానికి తెలిపింది. తెలుగునాట ఆ మార్గాన్ని స్థిరపరచినది నాగయ్యే.

1946లో ఆయన స్వయంగా త్యాగయ్యను నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, నాయకపాత్రను పోషించారు. సభలలో విద్వాంసుల ఎదుట వినవలసిన కర్ణాటక సంగీతం, గుడారపు సినిమాలో నేలపై కూర్చున్న శ్రామికునికి కూడ అందింది. 1947లో కె.వి. రెడ్డి దర్శకత్వంలోనే యోగి వేమన వచ్చింది.

ఈ కథకు మదనపల్లె ప్రాంతంతో సహజమైన బంధం ఉన్నది. మదనపల్లెకు వాయవ్యంగా కదిరి సమీపమందు గల కటారుపల్లెలో వేమన సమాధి ఉన్నదని పరంపరాగత విశ్వాసం. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ ఆయన పద్యాలను సేకరించి 1829లో ముద్రింపించి విద్వల్లోకానికి పరిచయం గావించాడు. అంతకు ముందే ఆ పద్యాలు రాయలసీమలో పశువులకాపరుల నోటనుండి పంతుళ్ళ బడిదాకా తిరుగుతూనే ఉండేవి. వెండితెర వేమన మొదట వేశ్యాలోలుడు, తరువాత బంగారం తయారుచేసే విద్యకై వెఱ్ఱిపట్టినవాడు. తనకు ప్రాణప్రదమైన అన్న కూతురు మరణించినపుడు ఆ బంగారం ఎందుకూ కొరగానిదవుతుంది. శ్మశానంలో శోకమూర్తిగా నిలచిన నాగయ్య ముఖాన్ని చూసినవారికి, చిన్ననాట కంఠస్థం చేసిన పద్యాలు ఎంత వేదననుండి పుట్టియుంటాయో అవగతమైనది. భక్త పోతనకు వచ్చిన ధనలాభం ఈ చిత్రానికి రాలేదు. అయినను తెలుగులో వచ్చిన ఉత్తమ చిత్రాలను లెక్కించేవారు దీనిని విడువరు.

నాగయ్య కీర్తి తెలుగు సీమకే పరిమితం కాలేదు. 1941లో తమిళ అశోక్ కుమార్‌లో అశోక చక్రవర్తిగా, 1945లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మితో మీరాలో ఆయన నటించారు. అదే యేడు వచ్చిన స్వర్గసీమలో భార్యను విడిచి మోహపాశంలో చిక్కి పతనమైన రచయితగా తెలుగువారిని కదిలించారు. సాధువుగా మాత్రమే కాక, పడి లేచిన మనుష్యునిగా కూడ ఆయన మెప్పించారు.

అయితే ఆయన జీవితంలోని కఠినమైన ప్రశ్న ఇక్కడనే మొదలవుతుంది. పోతన పాత్ర రాజధనాన్ని నిరాకరించింది, త్యాగయ్య పాత్ర నిధికన్న సన్నిధి మేలన్నది, వేమన పాత్ర బంగారాన్ని తుచ్ఛమని విడిచింది. ఆ పాత్రల ధారి తాను సంపాదించిన ధనాన్ని కూడ తన చేతినుండి జారనిచ్చాడు. ఆయన ఇంట అతిథులకు అన్నం, అవసరంలో ఉన్నవారికి సాయం ఏనాడూ కొరతపడలేదు. స్వంత నిర్మాణాలు నష్టాలు తెచ్చాయి. ఎంతోకాలం సాగి 1964లో విడుదలైన భక్త రామదాసు కూడ ఆయన అవస్థను తీర్చలేకపోయింది. నాయకుడై వెలిగినవారు తండ్రి పాత్రలకు, చిన్న వేషాలకు అంగీకరించవలసివచ్చింది. 1957లో పాండురంగ మహాత్మ్యంలో తండ్రిగా ఆయన చూపిన వాత్సల్యం చిరస్మరణీయం. 1965లో భారతప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించినప్పటికి, ఆర్థికమైన బాధలు తొలగలేదు. 1973 డిసెంబరు 30న మదరాసులో ఆయన కన్నుమూశారు. త్యాగరాయనగరంలోని పనగల్ పార్కువద్ద ఆయన విగ్రహం నెలకొల్పబడింది.

నాగయ్య దారిద్ర్యాన్ని త్యాగమని పొగడి చేతులు దులుపుకొనడం న్యాయం కాదు. ఇతరులకు పెట్టిన చేయి వృద్ధాప్యంలో చాచవలసి రావడం సంఘపు లోపం కూడ. వేమన వైరాగ్యాన్ని చూసి కన్నీరు కార్చిన ప్రేక్షకులు, ఆ వైరాగ్యం నేర్పిన నటుని ముదిమిని మరిచారు. ఈ మరపును గుర్తించడం కూడ ఆయన చిత్రాలు నేర్పే పాఠాలలో ఒకటి.

మదనపల్లెలోనో, పుంగనూరులోనో, కుప్పంలోనో నేడు వేమన పద్యాన్ని బోధించే ఉపాధ్యాయుడు విద్యార్థులకు ఆ పాత చిత్రాన్ని ఒక్కమారు చూపగలిగితే, పద్యానికి అర్థం చెప్పడంలో సగం శ్రమ తీరుతుంది. మిగిలిన సగం నాగయ్య జీవితాన్ని చెప్పడంలో తీరుతుంది.