జనరల్ తిమ్మయ్యగారు మోసిన బరువు

మన వార్షిక సంచికల్లో సాహసం గురించి మనవాళ్ళు చాలా రాశారు. ఈసారి నాయకత్వం గురించి, అందులో ఉండే బరువు గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. అందుకు నేను ఎంచుకున్న మనిషి జనరల్ కొడందెర సుబ్బయ్య తిమ్మయ్యగారు.

నేను మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. బెంగళూరు సెంటర్‌లో రిక్రూట్‌గా ఉన్న రోజుల్లోనే మా ఉస్తాదులు జోజిలా కథ చెప్పేవారు. ఆ కథతోనే తిమ్మయ్యగారి మీద నాకు గురి కుదిరింది. తర్వాత ఆయన గురించి ఎక్కడ ఏం దొరికినా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ ఆయన గెలుపులకన్నా ఆయన మీద పడిన భారమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

ఆయన 1906 మార్చి 31న కొడగులోని మడికేరిలో పుట్టారు. డెహ్రాడూన్ మిలిటరీ కాలేజీ, తర్వాత ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌లో చదివి 1926లో కమిషన్ పొందారు. వేసింది 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో పటాలంలో. ఆ రెజిమెంటే తర్వాత కుమావూ రెజిమెంట్ అయింది. అది స్వాతంత్ర్య పోరాటం ముమ్మరంగా సాగుతున్న కాలం. తెల్లవాడి యూనిఫాం వేసుకుని ఉండటమా, మానటమా అన్న ప్రశ్న ఆ తరం భారతీయ అధికారులందరినీ వేధించింది. అలహాబాద్‌లో ఉన్నప్పుడు తిమ్మయ్యగారు, ఇంకొందరు యువ అధికారులు మోతీలాల్ నెహ్రూగారిని కలిసి రాజీనామా చెయ్యమంటారా అని అడిగారట. వద్దు, రేపు స్వతంత్ర దేశానికి సైన్యం నడిపేవాళ్ళు కావాలి, పని నేర్చుకోండి అని ఆ పెద్దాయన సలహా ఇచ్చారని ఆయన జీవితచరిత్ర చెబుతుంది.

ఆ సంఘర్షణ ఇంట్లోకి కూడా వచ్చింది. ముగ్గురు అన్నదమ్ములూ సైన్యంలో అధికారులే. అన్న పొన్నప్ప ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. తిమ్మయ్యగారు అరకాన్‌లో జపాన్‌వారి మీద పోరాడారు. తమ్ముడు సోమయ్య తర్వాత 1947-48 కశ్మీర్ యుద్ధకాలంలో మందుపాతర పేలి పోయారు. ఒక తల్లి ముగ్గురు కొడుకుల కథ ఇలా నడిచింది.

అరకాన్‌లో 1945 జనవరిలో జరిగిన కాంగా పోరులో ఒకే బ్రిగేడ్‌లోని మూడు పటాలాలనూ భారతీయులే నడిపారు. తిమ్మయ్య, థోరట్, ఎల్.పి.సేన్. ముగ్గురికీ డీఎస్ఓ పతకాలు వచ్చాయి. ఆ తర్వాత తిమ్మయ్యగారు బ్రిగేడ్‌ను నడిపారు. రెండో ప్రపంచయుద్ధంలో రణరంగంలో పదాతి బ్రిగేడ్‌కు నాయకత్వం వహించిన భారతీయుడు ఆయన ఒక్కరే.

1948 మేలో కశ్మీర్ లోయలోని డివిజన్ ఆయన చేతికి వచ్చింది. లేహ్ శత్రువు చేతికి పోయే పరిస్థితి. అక్కడ పది వేల అడుగులకు పైన ఇసుకనేల మీద హడావుడిగా విమానాలు దిగే జాగా చదును చేశారు. అంతవరకూ అక్కడ ఏ విమానమూ దిగలేదు. మే 24న ఎయిర్ కమొడోర్ మెహర్‌సింగ్ డకోటాను తీసుకుని బయలుదేరితే, అందులో డివిజన్ కమాండర్ కూడా ఎక్కి కూర్చున్నారు. పైలట్ తెగువను నమ్మి జవాన్లను పంపేముందు తాను వెళ్ళాలనుకున్నారన్నమాట.

కానీ అందరినీ కాపాడటం ఆయన వల్ల కాలేదు. స్కర్దూలో లెఫ్టినెంట్ కల్నల్ షేర్‌జంగ్ థాపా కొద్దిపాటి రాష్ట్రదళంతో ఫిబ్రవరి నుంచి ముట్టడిలో ఉన్నారు. సహాయంగా పంపిన దళాలు దారిలోనే దెబ్బతిన్నాయి. విమానాల నుంచి జారవిడిచిన సామాను చాలలేదు. తిండి, తూటాలు అయిపోయి ఆగస్టు 14న థాపా లొంగిపోయారు. ఆయన ప్రాణాలు దక్కాయిగానీ, లొంగిపోయినవాళ్ళలో చాలామందిని చంపేశారు. వైర్‌లెస్ మీద ధైర్యం చెబుతూ, చివరికి పంపటానికి ఏమీ లేని కమాండర్ స్థితి ఊహించుకోండి. మ్యాప్ మీద గీత గీసినంత తేలిగ్గా ఈ భారం దిగదు. మనలో ఏ పోస్టునైనా నడిపినవాళ్ళకు ఇది కొంచెమైనా తెలిసే ఉంటుంది.

సెప్టెంబరులో జోజిలా కనుమ మీద పదాతిదళంతో చేసిన దాడులు విఫలమయ్యాయి. పదకొండు వేల అయిదు వందల అడుగుల ఎత్తు, పైనుంచి శత్రువు మెషిన్‌గన్లు. మళ్ళీ జవాన్లనే పైకి తోలటం కంటే ఎవరూ ఊహించని పని చేద్దామనుకున్నారు. అంత ఎత్తుకు ట్యాంకులు తీసుకెళ్ళటం. సెవెన్త్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకుల టరెట్లు విప్పి, రహస్యంగా శ్రీనగర్ మీదుగా బాల్తాల్ చేర్చారు. అక్కడినుంచి కంచరగాడిదలు నడిచే దారిని ట్యాంకులు ఎక్కే దారిగా మార్చింది మా మద్రాస్ సాపర్లు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ కుర్రాళ్ళు మంచులో, గుండ్లవానలో రాయి కొట్టి వేసిన దారి అది. నవంబరు 1న ట్యాంకులు కనుమలోకి దూసుకెళ్ళినప్పుడు, అన్నిటికన్నా ముందున్న ట్యాంకులో మేజర్ జనరల్ తిమ్మయ్య ఉన్నారు. ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ మన చేతికి వచ్చి లేహ్‌కు దారి తెరుచుకుంది.

డివిజన్ కమాండర్ ముందు ట్యాంకులో ఉండాలా అని కొందరు అడుగుతారు. రూలు ప్రకారం అయితే అక్కర్లేదు. కానీ అంతకుముందు దెబ్బతిన్న దళాలు మళ్ళీ అదే కనుమలోకి వెళ్ళాలి. ఈ కొత్త ఆలోచన తప్పితే మొదటి దెబ్బ ఆలోచించినవాడికే తగులుతుందని జవాను కళ్ళతో చూశాడు. అప్పుడు ఆర్డరుకు విలువ వేరుగా ఉంటుంది.

1953లో వచ్చిన పని మరో రకం. కొరియా యుద్ధం ఆగాక, ఇళ్ళకు వెళ్ళమంటున్న ఖైదీల సంగతి తేల్చటానికి అయిదు తటస్థ దేశాల సంఘం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు తిమ్మయ్యగారు. కాపలా బాధ్యత జనరల్ థోరట్ నడిపే భారత దళానిది. ఖైదీలు 22 వేలకు పైనే. దక్షిణ కొరియా ప్రభుత్వం మనవాళ్ళను తమ నేలమీద కాలుపెట్టనివ్వకపోతే, ఓడల నుంచి హెలికాప్టర్లలో నిస్సైనిక ప్రాంతానికి చేర్చవలసి వచ్చింది. శిబిరాల లోపల ముఠాలు. తిరిగి స్వదేశం వెళతానన్నవాడికి లోపలే చావు. ఒక మేజర్‌ను ఖైదీలు పట్టుకుంటే థోరట్ స్వయంగా లోపలికి వెళ్ళి విడిపించుకొచ్చారు. రెండు మూడుసార్లు కాల్పులు తప్పలేదు, ఖైదీలు చనిపోయారు.

ప్రతి ఖైదీకీ అతని దేశపు ప్రతినిధులు నచ్చచెప్పాలన్నది ఒప్పందం. చాలామంది ఖైదీలు అసలు ఆ గుడారాలకే రామన్నారు. బలవంతంగా ఈడ్చుకు రమ్మని ఒక పక్షం, బలం వాడటానికి వీల్లేదని ఇంకో పక్షం. ఈడ్చితే వందలమంది చస్తారని తిమ్మయ్యగారికి తెలుసు. అందుకని బలం వాడలేదు. గడువు ముగిశాక 1954 జనవరిలో మిగిలినవాళ్ళను ఎవరి దగ్గర తీసుకున్నారో వారికే అప్పజెప్పారు. రెండు పక్షాలూ మనల్నే తిట్టాయి. ఏ దేశానికీ పోమన్న 80 మందికి పైగా ఖైదీలు మన దళంతోనే మద్రాసు వచ్చారు. జోజిలాలో ముందుకు దూకటం ఎంత కష్టమో, చేతిలో తుపాకులు ఉండి కూడా ఆగటం అంతకన్నా కష్టం. ఆ ఏడే ఆయనకు పద్మభూషణ్ వచ్చింది.

1957 మేలో ఆయన సైన్యాధ్యక్షులయ్యారు. రక్షణమంత్రి కృష్ణమీనన్‌గారితో పొసగలేదు. పదోన్నతుల్లో జోక్యం, చైనా సరిహద్దు గురించిన హెచ్చరికలను పట్టించుకోకపోవటం ముఖ్య కారణాలు. లాంగ్జూలో చైనావారు కాల్పులు జరిపిన వారం లోపే, 1959 ఆగస్టు 31న రాజీనామా ఇచ్చారు. ప్రధాని నెహ్రూగారు పిలిచి మాట్లాడితే వెనక్కి తీసుకున్నారు. సంగతి పత్రికలకెక్కింది. సెప్టెంబరు 2న పార్లమెంటులో ప్రధాని ఆ కారణాలను చిన్నవిగా తీసేసి, పౌరప్రభుత్వానిదే పైచేయి అని స్పష్టం చేశారు.

ఈ ఘట్టాన్ని దాటెయ్యటం నాకిష్టం లేదు. పౌరప్రభుత్వానిదే పైచేయి అన్నది మనందరం ప్రమాణం చేసిన సూత్రం, అందులో రెండో మాట లేదు. కానీ ఇచ్చిన రాజీనామాను వెనక్కి తీసుకున్నాక ఆయన మాటకు ఢిల్లీలో మునుపటి బరువు లేకపోయింది. వెళ్ళిపోతే సరిహద్దు గండంలో ఉన్నప్పుడు సైన్యాన్ని వదిలేశాడంటారు. ఉంటే లొంగాడంటారు. ఆయన ఉన్నారు. 1961 మే వరకు ఆ అవమానాన్ని మోస్తూ పనిచేశారు. పదవి దిగాక 1962 జులైలో, భారత్ ఒంటరిగా చైనాతో బాహాటంగా తలపడగలదని సైనికుడిగా తాను అనుకోవటం లేదని ఒక పత్రికలో రాశారు. మూడు నెలలకే యుద్ధం వచ్చింది. తన హెచ్చరిక నిజమైనందుకు ఏ సేనాని సంతోషిస్తాడు చెప్పండి? అందులో పోయినవాళ్ళు ఆయన పెంచిన జవాన్లే.

రిటైరై కొడగులో ఉండిపోవచ్చు. కానీ 1964 జులైలో ఐక్యరాజ్యసమితి పిలిస్తే సైప్రస్ శాంతిదళానికి కమాండర్‌గా వెళ్ళారు. గ్రీకులు, టర్కులు కొట్టుకుంటుంటే మధ్యలో నిలబడే పని. వెళ్ళిన కొద్ది వారాలకే అక్కడ టర్కీ విమానాలు బాంబులు వేశాయి. 1965 డిసెంబరు 18న డ్యూటీలో ఉండగానే గుండెపోటుతో పోయారు. అప్పటికి 59 ఏళ్ళు. సైప్రస్ ప్రభుత్వం ఆయన బొమ్మతో 1966లో తపాలా బిళ్ళ వేసింది. మడికేరిలో ఆయన ఇల్లు సన్నీసైడ్ 2021 ఫిబ్రవరిలో మ్యూజియం అయింది. కూర్గ్ వెళ్ళే మన కుటుంబాలు పిల్లలకు తప్పక చూపించాలి.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు నేను చెప్పేది ఒకటే. సెక్షన్ కమాండర్‌కైనా సైన్యాధ్యక్షుడికైనా బరువు ఒక్క రకమే, తూకంలోనే తేడా. మంచి ఫలితం వస్తే పదిమందీ పంచుకుంటారు. స్కర్దూ వంటిది జరిగితే, పార్లమెంటులో చులకనైతే, అది ఒక్కరే మోయాలి. అయినా మర్నాడు ఉదయం ఫాలిన్‌లో అదే మొహంతో నిలబడాలి. తిమ్మయ్యగారు నలభై ఏళ్ళపాటు నిలబడ్డారు.

జై హింద్.