కూలి తీసుకున్నాడని పతకాలు లాక్కున్నారు

పరుగులు, దూకుళ్లు, విసుర్లు కలిపి పది పోటీలు. రెండు రోజుల్లో పదీ ఒక్క మనిషే చెయ్యాలి. అదే డెకథ్లాన్. ఒకదాంట్లో మొనగాడైతే చాలదు, పదింట్లోనూ పాయింట్లు కూడబెట్టాలి. ఈ ఆట పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది జిమ్ థోర్ప్. ఆయన పోయి డెబ్బై ఏళ్లు దాటింది గానీ, ఆయన కథ మన ఊళ్ల పిల్లలకు ఇప్పుడే ఎక్కువ అవసరం.

థోర్ప్ అమెరికా ఆదివాసీ, సాక్ అండ్ ఫాక్స్ తెగ బిడ్డ. కవల తమ్ముడు చిన్నప్పుడే పోయాడు. తర్వాత అమ్మా నాన్నా పోయారు. చదువుకున్నది పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడిలో. ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనియ్యకుండా తెల్లవాళ్లలాగా మార్చాలని పెట్టిన బడి అది. అక్కడే ఆయన ఆట బయటపడింది.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. పెంటథ్లాన్‌లో బంగారం, డెకథ్లాన్‌లో బంగారం. డెకథ్లాన్‌లో రెండో స్థానం వచ్చిన స్వీడన్ ఆటగాడు వీస్లాండర్ దాదాపు 700 పాయింట్లు వెనకబడ్డాడు. అప్పటికి ఆదివాసీలందరికీ సొంత దేశంలో పౌరసత్వం కూడా లేదు. అందరికీ అది దక్కింది 1924లో.

ఏడాది తిరక్కుండానే పతకాలు లాగేసుకున్నారు. నేరమేంటంటే, 1909, 1910 వేసవుల్లో చిన్న జట్లకు బేస్‌బాల్ ఆడి కాసిని డబ్బులు తీసుకోవడం. డబ్బు తీసుకుంటే అమెచ్యూర్ కాదంట! అసలు ఇంట్లో తిండికి లోటు లేనోళ్లు రాసుకున్న నియమం అది. కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగపేర్లతో అట్లాగే ఆడి తప్పించుకున్నారు. థోర్ప్ సొంత పేరుతో ఆడి దొరికిపోయాడు. ఇంకో సంగతి. అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో చెప్పాలని ఒలింపిక్స్ నియమాల్లోనే ఉంది. ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా పట్టించుకున్నోడు లేడు.

తర్వాత బేస్‌బాల్, ఫుట్‌బాల్ ఆడాడు. వయసు మళ్లాక గుంతలు తవ్వే కూలికీ పోయాడు. 1950లో అమెరికా పత్రికలవాళ్లు అర్ధ శతాబ్దపు మేటి క్రీడాకారుడిగా ఎంచుకున్నారు. 1953లో చనిపోయాడు, పతకాలు మాత్రం రాలేదు. 1982లో ఒలింపిక్ సంఘం దిగొచ్చినా ఉమ్మడి విజేత అని సరిపెట్టింది. ఏకైక విజేత అని ఒప్పుకున్నది 2022లో.

మిరపకోతలకు పోయి ఆ డబ్బుతో బూట్లు కొనుక్కునే పిల్లలు మా వినగడప చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లకు కూలి తప్పు కాదు, బతుకు. టీ అమ్ముకునే ఇంటి బిడ్డ, గురుకులంలో చదివిన అగసర నందిని, 2023 ఆసియా క్రీడల్లో ఏడు పోటీల హెప్టథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. బడీ, శిక్షణా అందితే మన పిల్లలేం తక్కువ కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక్కటే మాట. ఏ పోటీకి పోయినా నియమాల కాయితం తెప్పించుకుని చదవండి. అన్యాయం జరిగితే గడువులోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. ఒక్కడే పోతే లెక్కచెయ్యరు, నలుగురు కలిసి పోండి. థోర్ప్ పక్కన ఆ రోజు ఆ నలుగురు లేరు.