యూక్లిడ్ మహాశయుడు – తిరగేసిన మాట



మన బర్కత్‌పురలో ఉన్నవాడు హైదరాబాదులో ఉన్నట్లే. మరి హైదరాబాదులో ఉన్నవాడు బర్కత్‌పురలోనే ఉన్నట్లా? కాదు. చార్మినార్ దగ్గర కూడా ఉండవచ్చు. ఇలా మాటను తిరగేస్తే వచ్చేదే విపర్యయం. అసలు మాట నిజమైనా విపర్యయం నిజం కానక్కరలేదు. చతురస్రమైతే కర్ణాలు సమానం. కర్ణాలు సమానమైతే చతురస్రం కానక్కరలేదు, దీర్ఘచతురస్రం కూడా కావచ్చు. ఈ తేడాను జాగ్రత్తగా పాటించిన మహనీయుడు యూక్లిడ్.

ఆయన క్రీ.పూ. 300 ప్రాంతంలో, మొదటి టాలెమీ రాజు కాలంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో గణితం బోధించాడు. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు చరిత్రకెక్కలేదు. ఆయన పని మాత్రం నిలిచింది. అంతకుముందు గ్రీకులు కనుగొన్న ఫలితాలను కూడా చేర్చి, ఒకదానిపై ఒకటి ఆధారపడేలా 13 భాగాల ‘ఎలిమెంట్స్’ గ్రంథం కూర్చాడు.

మొదటి భాగంలో 48 ప్రతిపాదనలున్నాయి. త్రిభుజంలో రెండు భుజాలు సమానమైతే వాటి ఎదుటి కోణాలు సమానమని 5వది చెబుతుంది. దాని విపర్యయాన్ని 6వదిగా పెట్టి, వేరుగా నిరూపించాడు. 47వది మనం పైథాగరస్ పేరుతో చదివే సిద్ధాంతం. దాని విపర్యయమే 48వది. ఒక భుజం వర్గం మిగతా రెండింటి వర్గాల మొత్తానికి సమానమైతే ఆ త్రిభుజం లంబకోణ త్రిభుజం. దీన్ని నిరూపించడానికి ఆ రెండు భుజాలతోనే మరో లంబకోణ త్రిభుజం గీశాడు. 47 ప్రకారం దాని కర్ణం కూడా మొదటి త్రిభుజపు మూడో భుజానికి సమానమైంది. మూడు భుజాలూ సమానం కనుక రెండూ సర్వసమానాలు. కాబట్టి మొదటి దానిలోనూ లంబకోణం ఉంది.

పునాదికి ముగ్గు పోసే మేస్త్రీ 3, 4, 5 అడుగులు కొలిచి మూల సరిచూసేది ఈ విపర్యయంతోనే.

ఆ గ్రంథం అరబ్బీలోకి వెళ్ళింది. అరబ్బీ నుండి 18వ శతాబ్దంలో జైసింగ్ మహారాజు ఆస్థాన పండితుడు జగన్నాథ సామ్రాట్టు సంస్కృతంలోకి ‘రేఖాగణితం’ పేరుతో తెచ్చాడు.

మిత్రులారా! పరీక్షలో సిద్ధాంతం అడిగితే విపర్యయం నిరూపించి మార్కులు పోగొట్టుకోకండి. జీవితంలోనూ అంతే. చదవకపోతే ఫెయిలవుతామన్నది నిజమే అనుకుందాం. అయినా ఫెయిలైన ప్రతివాడూ చదవనివాడు కాదు. జ్వరంతో పరీక్ష రాసినవాడు ఉంటాడు, ఇంట్లో కష్టంతో మనసు నిలవనివాడు ఉంటాడు. పక్క మంచం మీది స్నేహితుడు తప్పితే సోమరి అని తీర్పు చెప్పేముందు కారణం అడుగుదాం. నిరూపించనిదే ఒప్పుకోకపోవడమే యూక్లిడ్ మనకు నేర్పిన పాఠం.