రోజర్ బ్రెస్నహన్

బేస్‌బాల్ ఆటలో బ్యాటు పట్టినవాని వెనుక గూర్చుండి బంతిని పట్టువానిని క్యాచరందురు. క్రికెట్టులోని వికెట్ కీపరువంటివాడే కాని, దెబ్బలు వీనికే మెండు.

రోజర్ బ్రెస్నహన్ 1879లో అమెరికాయందలి టొలీడో పట్టణమున జన్మించెను. 1897లో బంతి విసరువాడుగా ప్రవేశించి, పిమ్మట న్యూయార్కు జయంట్సు జట్టునకు క్యాచరయ్యెను. 1907వ సంవత్సరము ఏప్రిల్ 11వ తేదీని అతడు క్రికెట్టు ప్యాడ్లవంటి కవచములు మోకాళ్లవరకు గట్టుకొని ఆటస్థలమునకు వచ్చెను. ప్రేక్షకులు గేలిచేసిరి. అంతకుముందే కొందరు క్యాచర్లు మేజోళ్లలో దాచుకొని అట్టివానిని ధరించియుండిరి. దెబ్బకన్న నవ్వునకే వారు జంకిరి గాబోలు! ఇతడు దాచలేదు. పిట్స్‌బర్గు జట్టు నాయకుడాక్షేపింపగా లీగు అధ్యక్షుడు త్రోసిపుచ్చెను. కొలదికాలముననే తక్కిన క్యాచర్లును కాలికవచములు ధరించిరి.

ఆ యేడు జూను 18న సిన్సినాటి బౌలరు విసరిన బంతి తలకు దగిలి బ్రెస్నహన్ స్పృహ తప్పిపడెను. ఆసుపత్రి వెడలిన పిదప, గాలి నూది నింపెడి తోలు శిరస్త్రాణమును వాడిచూచెను. దీనిని మాత్రము పెక్కురు అనుసరింపరైరి. 1920లో క్లీవ్‌లాండు ఆటగాడు రే చాప్మన్ తలకు బంతి తగిలి మరునాడు మృతినొందెను. అప్పటికిని నియమము రాలేదు! పెద్ద లీగులయందు హెల్మెట్టు తప్పనిసరియగుట 1971లోనే.

బ్రెస్నహన్ 1944లో టొలీడోలోనే మరణించెను. మరుసటి యేట అతని పేరు బేస్‌బాల్ కీర్తిమందిరమున జేరెను. నేడు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఆడు బాలబాలికలలో క్యాచరు కాలికవచములతోనే కూర్చుండును. బ్యాటు పట్టువారు హెల్మెట్టు పెట్టుకొందురు. వారిని జూచి మేమెవ్వరు నవ్వుట యెరుగము.